పోస్టర్లో పట్టని పదకొండోవాడు

ఇవాళ గమ్ సీసా ఎండిపోయి, మా అమ్మాయి నోటుపుస్తకానికి పేరు చీటీని అన్నం మెతుకులతో అంటించాను. చేతికంటిన ఆ వాసనకు, చిన్నప్పుడు ఎల్బీనగర్‌లో మేం కిరాయికున్న ఇంటి గోడ గుర్తొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న పోస్టరొకటి ఆ గోడకు టేపుతో అంటించి ఉండేది. బాస్కెట్‌బాల్ చరిత్రలోనే గొప్ప ఆటగాళ్లట, పదిమంది. నేను టీవీలో కళ్లార్పకుండా చూసే ఆటగాడు అందులో లేడు. తను బుట్టలో వేయగలిగిన బంతిని కూడా పక్కవాడికి అందించేవాడతను. కాగితం చాలక వదిలేశారనుకున్నాను. పేపర్లో పడ్డ అతని ఫొటో కత్తిరించి, మెతుకులు మెదిపి, పోస్టరు కిందే అంటించాను.

ఇంటి ఓనరు ఆంటీ చూసి మండిపడింది.

"గిదేంది పిల్లా, గోడంత ఖరాబ్ చేసినవ్! ఎవడు వీడు?"

"పదకొండోవాడు ఆంటీ."

"పదిమందిల లేనోడు నా గోడ మీదెందుకు?"

"అందులో లేడు కాబట్టే!"

అమ్మ నా నోరు మూసింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు పోస్టరు ఒక్క లాగుకి ఊడొచ్చింది. అతను మాత్రం అట్లకాడతో గీకినా రాలేదు. విసిగిపోయిన ఆంటీ అతని మీదే సున్నం వేయించింది.

కాగితం చాలక కాదని పెద్దయ్యాక తెలిసింది. ఇప్పటికీ ఎవరు పదిమంది పేర్లు రాసినా అతని పేరుండదు. రాసుకోనివ్వండి. నేను అంటించినవాడు ఆ గోడలోనే ఉన్నాడు.