మూఢంలో పోయిన పేరు

ఏ పని గురించి చెప్పినా మా మేనమామ ముందు గోడమీది క్యాలెండర్ వైపు చూసేవాడు. మిర్యాలగూడ బియ్యం ఆన్‌లైన్‌లో అమ్మడానికి నేను కంపెనీ పెట్టబోతే ఇద్దరు డైరెక్టర్లు ఉండాలన్నారు. రెండోవాడిగా ఆయన్ని అడిగాను. కంపెనీకి నేను కోరిన పేరు మంజూరైంది. గడువులోగా సంతకాలు కాకపోతే ఆ పేరు పోతుందని సూర్యాపేట ఆడిటర్ ఒకటే ఫోన్లు. మామ వేలు మాత్రం క్యాలెండర్ మీదే తిరిగేది.

"మూఢంల ఎవరన్న సంతకం పెడ్తరా అల్లుడా? జర ఆగు."

మూఢం పోకముందే గడువు పోయింది. అదే పేరుతో కోదాడలో ఎవరో కంపెనీ పెట్టారు. వాళ్ల వెబ్‌సైట్ తెరిచి మామకు చూపించాను.

"మంచిగనే నడుస్తున్నట్టుంది," అన్నాడు. "ఏ ముహూర్తానికి మొదలువెట్టిన్రో జర కనుక్కోరాదు?"

ఇప్పటికీ మామ వాళ్లింటికి వెళ్తాను గానీ, ఆ గోడకు ఎదురుగా కూర్చోను.