పుస్తకంలో లేని తండ్రిపక్షి

కొల్లేటి నీళ్ళు దోసిట్లో పట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నేను పట్టిన కొర్రమీను ఏడాదికో మూరెడు పెరుగుతుందని మా కలిదిండి వాళ్ళు నవ్వుతారు గానీ, ఈ ఒక్కసారికీ నమ్మండి.

మొన్న ట్రంకుపెట్టె తెరిస్తే గుప్పున చేపల వాసన. అడుగున, నాన్న పాత చొక్కాలో చుట్టిపెట్టిన నా బొమ్మల పుస్తకం. అట్ట ఊడిపోయింది. పేజీ పేజీకీ ఒక గూడబాతు, దాని పిల్ల.

నన్ను కని అమ్మ పోయింది. నాన్న కొల్లేట్లో బుట్టల్లా అల్లిన వెదురు మావులు పెట్టి చేపలు పట్టేవాడు. ఒకసారి ఏలూరులో చేపలమ్మి వస్తూ ఆ పుస్తకం తెచ్చాడు. ఆయనకి అక్షరమ్ముక్క రాదు. అయినా రోజూ సాయంత్రం నీసు పోయేలా చింతపండుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పంచెకి తుడుచుకుని, ఒడ్డున బోర్లించిన దోనె మీద నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాచు వాసనా తడివల వాసనా కలిసిన ఆ గాలిలో, వరసల వెంట వేలు జరుపుతూ మరీ 'చదివేవాడు'. తండ్రిపక్షి పిల్లని సంచిలాంటి ముక్కులో దాచుకుని గాలివానలో ఎగురుతూ, అత్తిలి చేలల్లో దిగి అలుపు తీర్చుకుని, తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలాపి గార్డుని దారడిగేది.

"నోట్లో పిల్లుంటే ఎలా మాట్టాడింది నాన్నా?"

"ముక్కుతో మాట్టాడిందిరా అబ్బాయ్."

"బరువుగా ఉన్నానా?" అని పిల్ల అడిగితే, "నువ్వు లేకపోతే తేలికైపోయి ఈ గాలికి కొట్టుకుపోనూ?" అనేది తండ్రిపక్షి. అక్కడ నాన్న నన్ను ఇంకాస్త దగ్గరికి లాక్కునేవాడు.

రెండో క్లాసులో నాకు చదవడం వచ్చింది. ఒకరోజు మావయ్యా నలుగురూ వలలు బాగుచేసుకుంటుంటే, వేలు పెట్టి చదివి గట్టిగా అరిచాను.

"నువ్వన్నీ అబద్దాలే సెప్పావు నాన్నా! ఇది తల్లిపచ్చి. నాన్న ఏ పేజీలోనూ లేడు!"

"ఏం బావా, ఇన్నాళ్ళూ ఉత్తుత్తి సదువేనా?" అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు.

"పోన్లే అబ్బాయ్, ఇకనించీ నువ్వే సదువుకో" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

మర్నాడు సాయంత్రం ఆయన చింతపండు అడగలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ అడగలేదు.

ఎన్నో ఏళ్ళకి, ఏలూరు ఆసుపత్రిలో మంచం మీదున్న నాన్నకి ఆ పుస్తకం తెరిచి పట్టుకుని, "నీ కథే సెప్పు నాన్నా" అన్నాను. వేలితో బొమ్మ తడిమి, "రైలు ఆపేశావా?" అనే గార్డు మాటతో మొదలెట్టి, గాలివాన దాకా అంతా చెప్పి, తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడా ఒడ్డు లేదు. అంతా చేపల చెరువుల గట్లే. దోనెలు పోయాయి, వెదురు మావులు అల్లేవాళ్ళూ పోయారు. మిగిలింది ఈ వాసన ఒక్కటే.

ప్రమాణం చేశాను కాబట్టి ఒప్పుకోవాలి. రైలు ఆపిన పక్షి నిజం, ఎందుకంటే అది నాన్న చెప్పాడు. ఆసుపత్రిలో పుస్తకం తెరిచానన్నదే నేను కల్పించింది. ఆయన అక్కడున్న పదిరోజులూ అది నా సంచిలోనే ఉంది. తీయడానికి మొహం చెల్లలేదు.

"సంచీలోంచి సేపల వాసనొత్తంది, ఏంట్రా అబ్బాయ్?" అని ఒకసారి ఆయనే అడిగాడు.

"ఏం లేదు నాన్నా, బట్టలు" అన్నాను.