ఆయనకిచ్చి నాకివ్వని మాత్రలు

మామిడికాయల సీజన్లో ఒకరోజు మా ఆయన రాగి సంగటి కంచాన్ని పక్కకు తోసేశాడు. అప్పటికి నెలరోజులుగా సన్నబడుతున్నాడు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని ఎక్కువైందనుకున్నాను. కానీ ఆయన సంగటి వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. అసలే నాకు అనుమానం ఎక్కువ, ఈర్ష్య అంతకంటే ఎక్కువ.

"యాడ తినొచ్చినావు? ఎవురు పెట్టినారు?" అని నిలదీశాను.

"గొంతులో దిగలేదు మే. ముల్లు గుచ్చినట్టుండాది," అన్నాడు.

నమ్మలేదు. టార్చిలైటు వేసి నోరు తెరిపించాను. నాలుక మీదంతా పెరుగు అతుక్కున్నట్టు తెల్లగా ఉంది.

బంగారుపాళ్యం డాక్టరు తిరుపతికి రాసిచ్చాడు. అక్కడి ఆస్పత్రిలో ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. ఇద్దరికీ పాజిటివ్. ఆయన తలెత్తలేదు. ఎలా వచ్చిందని అడగాల్సినవన్నీ ఆయన్ని అడిగాను, అవి ఇక్కడ రాయను.

తర్వాత సీడీ4 టెస్టు. ఆయనకు ఎనభై నాలుగు, నాకు ఐదొందల ఇరవై. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది.

"హెచ్ఐవి అనేది వైరస్. అది మీ ఇద్దరి రక్తంలోనూ ఉంది. సీడీ4 అంటే జబ్బుల్ని ఆపే కణాలు. వైరస్ వాటిని తగ్గించేసి, గొంతులో ఈ ఫంగస్ లాంటివి పైబడే దశకొస్తే ఎయిడ్స్ అంటాం. మీ ఆయనది ఆ దశ. నీకుండేది హెచ్ఐవి, ఎయిడ్స్ కాదు. ఆయనకు మందులు మొదలుపెడతాం. నువ్వు ఆరు నెలలకు మళ్లీ రా."

ఆ రోజుల్లో సీడీ4 బాగా తగ్గినవాళ్లకే మందులిచ్చేవాళ్లు. నేను తలూపాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఎక్కిందల్లా ఒకటే: అంటించినవాడికి మందు, అంటించుకున్నదానికి ఏమీ లేదు. ఎక్కువ మార్కులు తెచ్చుకున్నందుకా నాకీ శిక్ష!

రెండు నెలల్లో ఆయన బుగ్గలు నిండాయి. సంగటి రెండు ముద్దలు లాగించేవాడు. ఇంట్లో ఒక్క గుడ్డుంటే మా అత్త, "మందు తినేవాడికి పెట్టు మే," అనేది. అద్దంలో చూసుకుంటే నేనే చిక్కిపోతున్నట్టుండేది. కడుపు మండిపోయేది. ఆయన బతకాలనే ఉంది, కానీ నన్ను వదిలేసి ఒక్కడే బతుకుతాడేమోనని కుళ్లుకున్నాను.

మా ఇంట్లో తిరుమల కొండ లడ్డు చిన్న ముక్క దొరికినా సగం సగం చేసుకుంటాం. మాత్రలూ అంతే అనుకున్నాను. రోజుకు రెండు, డబ్బా నా దగ్గరే ఉండేది. "ఇంక పొద్దున ఒకటి సాలన్నారు," అని ఆయనకు అబద్ధం చెప్పి, రెండోది నేను మింగడం మొదలుపెట్టాను.

పన్నెండో రోజుకు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం. నాకూ ఎయిడ్స్ వచ్చేసిందని ఏడుస్తూ తిరుపతి బస్సెక్కాను. ఆయనా వెంట వచ్చాడు. డాక్టరమ్మ నా చేతులు తిప్పి చూసింది.

"ఇది మందు పడక వచ్చింది. నీకు మందెవరిచ్చారు?"

చెప్పక తప్పలేదు. ఆమె ముఖం ఎర్రబడింది. "సీడీ4 ఎక్కువుండే ఆడవాళ్లకు ఈ మందుతో లివరే పోవచ్చు, తెలుసా? సగం మందేస్తే ఆయన ఒంట్లో వైరస్ దానికి లొంగకుండా పోతుంది. మనిషిని చంపుకుంటావా?"

ఆయన చెయ్యి చేసుకుంటాడనే అనుకున్నాను.

"నాకు తెలుసు మేడం," అన్నాడు నెమ్మదిగా. "ఈమె మింగతా ఉంటే సూసినాను."

"సూసి నోరు మూసుకోని ఉండావా?" అని అరిచాను.

"నా వల్లనే గదా నీకొచ్చింది. నేనెట్లా వద్దనేది మే?"

సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులు అదే ఆస్పత్రిలో ఉన్నాను. ఆయన మళ్లీ రెండు పూటలా వేసుకోసాగాడు. మందు ఇక పనిచేయదేమోనని నాకు భయం. ఆరు నెలలకు ఆయన సీడీ4 రెండొందల పదికి పెరిగింది. ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీదే భోరుమన్నాను.

కొన్నేళ్లకు నా సీడీ4 తగ్గింది. నాకు పడే వేరే మాత్రలిచ్చారు. ఇప్పుడైతే పాజిటివ్ అని తేలితే చాలు, అంత కాలం ఆగకుండా మొదలుపెడుతున్నారు. నేను బట్టలు కుడతాను, ఆయన మామిడి మండీలో కాటా చూస్తాడు. ఎవరి డబ్బా వాళ్లది.

నేను చెప్పేదొకటే. పక్కవాళ్ల మందు చూసి మీ జబ్బును కొలుచుకోకండి. మీకెందుకివ్వలేదో అర్థమయ్యేదాకా డాక్టర్నే అడగండి.

ఈర్ష్య పోయిందా అంటే, పోలేదు. మొన్న ఆయన సీడీ4 నాకంటే నలభై ఎక్కువొచ్చింది. తిరుపతి నుంచి చిత్తూరు దాకా బస్సులో ఆయనతో మాట్లాడలేదు. చిత్తూరు బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం కొని నా ఒళ్లో పెట్టాడు.

"ఇదైతే పంచుకోవచ్చు మే," అన్నాడు.