ఒక్కాయనే రాసిన రెండు పుస్తకాలు

నా చిన్నప్పుడు, అంగారకుడి మీద సముద్రాలున్నాయన్న మాట మా తరగతిలో అందరికంటే ముందు విన్నది నేనే. చెప్పింది మా పక్కింటి సార్. కరీంనగర్ దగ్గర నేతవాళ్లుండే చిన్న పట్నం మాది. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. సార్ మా బడిలోనే ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఒక్కరే ఉండేవారు. బడి వదలగానే నేను వాళ్ల అరుగు మీదికి చేరేదాన్ని.

ఆయన దగ్గర అట్టలు ఊడిపోయిన రెండు పాత ఇంగ్లీషు పుస్తకాలుండేవి. ఎప్పుడో హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్నారట. రెండూ ఒకే ఇంగ్లండు దొర రాసినవి. గ్రహాలను, చుక్కలను గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా రాసి, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి బతికినాయన. అప్పటికే ఆయన పోయి డెబ్బై ఎనభై ఏళ్లు. పేరు పలకడానికి నాకు నోరు తిరిగేది కాదు. సార్ రోజూ ఒక పేజీ చదివి తెలుగులో చెప్పేవారు.

మొదటి పుస్తకంలో అంగారకుడి పటం ఉండేది. నేలకొక రంగు, నీళ్లకొక రంగు, ఒక్కో సముద్రానికి ఒక్కో పేరు. నేను దాని మీద వేలు పెట్టి, "గీడ ఎవరుంటరు సార్?" అని అడిగాను. "మనలెక్క బతికెటోళ్లు ఉంటరని అంటుండు గీయన," అన్నారు సార్.

నాకు ఆ మాట చాలు. మర్నాడు బడిలో సుద్దముక్కతో ఆ పటం గీసి, అక్కడ మనుషులున్నారని అందరికీ చెప్పాను. నా పక్కన కూర్చునే దోస్తు మాత్రం, "నువ్వు చూసినవా?" అంది. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదాన్ని కాదంటావా, నీకేం తెలుసు అని అందరి ముందు ఆమెను చిన్నబుచ్చాను. ఆమె సంచీ తీసుకొని వెనక బెంచీకి పోయింది. పదిహేను రోజులు మా మధ్య మాటల్లేవు.

ఈలోపు సార్ రెండో పుస్తకం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం చదువుతూ చదువుతూ ఆగిపోయారు. కళ్లద్దాలు తుడుచుకొని అదే పేజీ మళ్లీ చదివారు. ఆ పేజీ దాటేసినా నాకు తెలిసేది కాదు. కానీ ఆయన నాకు విప్పి చెప్పారు. అంగారకుడి మీద జీవులుంటారని ముందు రాసింది తనకిప్పుడు సరిగ్గా తోచడం లేదని ఆ దొర రాశాడట.

"రెండు ఒక్కాయనే రాసిండా సార్?"

"ఒక్కాయనే."

"మరి ముందుగాల అబద్ధం రాసిండా?"

"అబద్ధం కాదు బిడ్డా. అప్పుడు గట్లనే అనుకున్నడు. ఎన్కకు ఇంకింత ఆలోచన చేస్తే కాదని తోచింది. గది సుత రాసిండు. దాచలే."

నాకు ఏడుపొచ్చింది. బడిలో జరిగిందంతా చెప్పాను. ఆయన పుస్తకం మూశారు. "నా మాట పట్టుకొనే చెప్పినవు గదా. రేపు నేనొస్త," అన్నారు.

అన్నట్టే వచ్చారు. మా పంతులు ఒకప్పుడు ఆయన శిష్యుడే. కుర్చీ వేయబోతే వద్దని, పిల్లల ముందు నిలబడే చెప్పారు. "గీ పిల్లకు చెప్పింది నేను. సగమే చదివి చెప్పిన. నాదే తప్పు."

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి నా దోస్తే లేచి, "మరి ఉన్నరా, లేరా సార్?" అని అడిగింది.

"నాకు ఎరుక లేదు బిడ్డా. గవి పాతకాలపు పుస్తకాలు. కొత్తయి చదవాలె."

ఒక పెద్దమనిషి, అందులోనూ పంతులు, తనకు తెలియదని చెప్పడం అదే మొదటిసారి విన్నాను. ఆ గంటంతా పిల్లలు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. సార్ వెళ్లాక నేను వెనక బెంచీ దగ్గరికి పోయి, తప్పయిందని నా దోస్తుకు చెప్పాను. ఆమె జరిగి చోటిచ్చింది.

అంత చూసి కూడా నేను తల్లినయ్యాక తడబడ్డాను. నా బిడ్డ నర్సు చదువు చదువుతానంటే, ఆడపిల్లకు ఆ డ్యూటీలెందుకని రెండేళ్లు ఆపాను. తర్వాత మా ఆయనకు జబ్బుచేసి మంచిర్యాలలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అక్కడి నర్సుల పని దగ్గరుండి చూశాను. ఆయన కోలుకొని ఇంటికొచ్చిన రోజు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, "తెల్వక ఆపిన బిడ్డా. నాదే తప్పు. పోయి చదువుకో," అన్నాను. ఒక్క బిడ్డ ముందు ఆ నాలుగు మాటలు అనడమే నాకు కష్టమైంది. మా సార్ అంతమంది పిల్లల ముందు అనడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది.

నా బిడ్డ, "దరఖాస్తు ఎల్లుండి దాకనే తీసుకుంటరు అవ్వా," అంది. దరఖాస్తు ఇవ్వడానికి ఆ పూటే ఇద్దరం బస్సెక్కాం. ఆమె చదివింది, ఉద్యోగమూ చేస్తోంది. పోయిన ఆ రెండేళ్లు మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను. అందుకే ఇప్పుడు, నాది తప్పని తెలిసిందంటే పొద్దుగూకే దాకా కూడా ఆగను.