తప్పు సారక్కది కాదు

నిన్న పొద్దున సారక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. చాలా రోజులకు చేసిందని సంతోషంగా ఎత్తాను.

మాట్లాడింది వాళ్ల తమ్ముడు జోగయ్య.

"అన్నా, అక్క లేదు."

"ఎటు పోయింది?" అని అడిగాను. నిజంగానే అలా అడిగాను.

జోగయ్య మళ్లీ చెప్పాడు.

"సచ్చిపోయిందన్నా. జ్వరమొచ్చి."

ఆమెకు ముప్పై ఒక్క ఏళ్లు.

ఐదు రోజుల జ్వరమట. వానలకు వాగు పొంగి గూడేనికి ఆటోలు రాలేదు. నాలుగో రోజు నీళ్లు తగ్గాక భద్రాచలం దవాఖానాకు తెచ్చారు. అప్పటికే మలేరియా మెదడుకు ఎక్కింది.

సారక్క తెలియని వాళ్లకు చెబుతాను. చర్ల వైపు అడవిలో ఒక కోయ గూడెం వాళ్లది. వాళ్లమ్మ తునికాకు కోసి, కూలికి పోయి చదివించింది. ఖమ్మంలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె నాకు సీనియర్. నేను అక్కా అనేవాణ్ని. ఆమె తమ్మీ అనేది.

నేను చేరిన మొదటి వారం, ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కు టూల్ సర్వర్లు పెట్టే పని ఇచ్చారు. అసిస్టెంట్ కోడ్ రాస్తుంది గానీ మన డేటాబేస్ దానికి కనపడదు. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, అది ఎక్కడుందో, ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి పోవాలో కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి. అదే టూల్ సర్వర్.

నాది సగం రోజు కనెక్ట్ కాలేదు. ఏడుపొక్కటే తక్కువ.

సారక్క వచ్చి స్క్రీన్ చూసి నవ్వింది. "ఫోల్డర్ పేరుల సందు పెట్టినవ్ తమ్మీ. అది ఆడనే ఆగింది."

అంతే. పేరు మధ్యలో ఆ ఖాళీ తీసేయగానే కనెక్ట్ అయింది.

ఆమె పద్ధతి వేరు. ఒక సర్వర్ పెట్టి, అది సరిగ్గా పనిచేస్తేనే రెండోది ముట్టుకునేది. ముందు అసిస్టెంట్‌నే అడిగేది, నీ దగ్గర ఏమేం టూల్స్ ఉన్నాయని. ఆ లిస్టు పైకి చదివేది. "డేటా చదివే టూల్ ఉన్నది, వెతికే టూల్ ఉన్నది. ఈ తుడిచేది ఎందుకున్నది? తీసెయ్" అనేది.

"చూసేటందుకు తాళం ఇయ్యి తమ్మీ. తుడిచేటందుకు ఇయ్యకు."

నేను ఇచ్చాను.

సత్తుపల్లి దగ్గర ఒక ఆయిల్‌పామ్ నర్సరీకి యాప్ చేస్తున్నాం. ఏ రైతు ఎన్ని మొక్కలు బుక్ చేసుకున్నాడో అందులో ఉంటుంది. టీమ్ కంప్యూటర్‌లో సారక్కే సర్వర్ కాన్ఫిగర్ చేసింది, చదవడానికి మాత్రమే వీలయ్యేలా.

ఒకరోజు ఆమె చుట్టాల పెళ్లికని కారేపల్లి వెళ్లింది. నాకు టెస్ట్ ఎంట్రీలు, అంటే పరీక్షకని వేసిన ఉత్తుత్తి పేర్లు, తీసేయాల్సిన పని పడింది. సర్వర్ ఒప్పుకోలేదు. కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, దేన్నైనా తుడవనిచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టేశాను. టెస్ట్ ఎంట్రీలు తుడిచెయ్ అని అసిస్టెంట్‌కు చెప్పాను. అది చేయబోయేది చూపించి, చేయనా అని అడిగింది.

చదవలేదు. యెస్ నొక్కాను.

రైతుల లిస్టు మొత్తం పోయింది. బ్యాకప్ కాపీ మూడు రోజుల కిందటిది, ఆ తర్వాతి బుకింగులు అందులో లేవు.

మరుసటి రోజు మీటింగ్‌లో ఆఫీసు నడిపే సార్ అడిగాడు, "ఆ సర్వర్ ఎవరు కాన్ఫిగర్ చేశారు?"

సారక్క నా వైపు చూసింది. నేను నేల చూస్తున్నాను.

"నేనే సార్" అంది.

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర ఆమెను ఆపి చెప్పాను. "అక్కా, పాస్‌వర్డ్ మార్చింది నేను."

"తెలుసు. నువ్ జాయినై నెల గాలే. నిన్నైతే ఇయ్యాల్నే పంపిస్తరు. నన్ను తిట్టి ఊకుంటర్లే."

ఊకోలేదు.

మూడు రోజులు ఆమెనే కూర్చోబెట్టి ఒక్కొక్క రైతుకూ ఫోన్ చేయించి, పోయిన బుకింగులు మళ్లీ రాయించారు. నాలుగో రోజు రావద్దన్నారు.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. రేపు చెబుతా అనుకున్నాను. రేపు, ఎల్లుండి. ఏడాదిన్నర.

ఆ తర్వాత ఇంటర్వ్యూలకు పోయింది. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగితే, "డేటా పోయింది సార్, బాధ్యత నాది" అని చెప్పేదట. రెండు చోట్ల ఇదే మాట చెప్పిందని నాకు తెలుసు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. చివరికి ఖమ్మంలో కిరాయి గది ఖాళీ చేసి గూడేనికి వెళ్లిపోయింది.

ఆ గది నుంచి పెద్ద దవాఖానాకు పది నిమిషాలు.

ఆలోచన అక్కడికొచ్చి ఆగిపోతోంది. ముందుకు పోవడం లేదు.

ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్లకు టూల్ సర్వర్లు నేర్పేది నేనే. ఆమె మాటలే చెబుతాను. ఎవరి మాటలో చెప్పను.

నిన్న సాయంత్రం గూడెంలో అంత్యక్రియలు అయిపోయాక వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని కోయ భాషలో ఏదో అడిగింది. జోగయ్య తెలుగులో చెప్పాడు. "మా బిడ్డ ఆడ ఏం తప్పు జేసిందని పంపిన్రు అని అడుగుతుందన్నా."

"ఏం చేయలేదు" అన్నాను. చేసిందెవరో చెప్పలేకపోయాను. ఆ చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

అందుకే ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను. ఆఫీసు వాళ్లు చదువుతారు. చదవనీ.

జోగయ్యా, నువ్వూ చదువుతావు. ఇది మీ అమ్మకు మీ మాటలో చెప్పు. మీ అక్క ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. నన్ను ఏమన్నా పడతాను. మళ్లీ మీ గడప తొక్కొద్దంటే తొక్కను.

సారక్కా, క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

నువ్వు మోసిన నింద ఇక్కడితో దిగిపోవాలి. చల్లగా నిద్రపో అక్కా.