టీవీ లేని ఇంట్లో టీవీ వెలుగు

మా చిన్న సినిమాలో ఒక తల్లి తుపాను వార్తలు చూస్తూ, వేటకెళ్లిన కొడుకు కోసం ఎదురుచూస్తుంది. ఆమె ముఖం మీద టీవీ వెలుగు పడాలి. గుడివాడలో మా ఇంట్లోనే నిజమైన టీవీ పెట్టి తీస్తే కెమెరాలో చారలు పడ్డాయి. పైగా మా గోడలు సముద్రం పక్కవాళ్ల గోడల్లా లేవు. అందుకే హంసలదీవి వెళ్లాం.

మచిలీపట్నంలో ఖాదర్ గారి కారు మాట్లాడుకున్నాం. రోజుకు మూడు వేలు, డీజిల్ మనదే. ఉదయం ఏడింటికి బయల్దేరి చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా సుమారు రెండు గంటల్లో చేరాం. ఈ గాలి వాటం తనకు నచ్చడం లేదని దారిలో ఖాదర్ గారు అన్నారు. వెనక్కి తిరుగుదామా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

అద్దెకు తీసుకున్న ఇంట్లో టీవీ లేదు. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, నేలమీద బ్యాటరీ లైటు పెట్టి, దాని ముందు పల్చటి నీలం కాగితం నిలబెట్టాం. తల్లి వేషం వేసిన స్నేహితురాలు ఎదురుగా కూర్చుంది. మా తమ్ముడు సుధీర్ కెమెరా పట్టాడు. బొమ్మలు మారుతున్నట్టు నేను లైటు ముందు అట్టముక్క ఆడిస్తున్నాను. మధ్యాహ్నానికి గాలి పెరిగి ఊరంతా కరెంటు పోయింది, ఫోన్లకు సిగ్నలూ పోయింది. మా వెలుగు మాత్రం తలుపు సందులోంచి వీధిలోకి పడుతూనే ఉంది.

అది చూసి పక్కింటి నాగమణి టీవీ అనుకుని లోపలికి వచ్చి కూర్చుంది. ఆమె భర్త పడవ ఇంకా తిరిగి రాలేదట.

"కాస్త పక్కకి జరగండమ్మా, కనపట్టం లేదు. బోట్ల గురించి ఏవన్నా చెప్పారా?"

సుధీర్ కెమెరా మెల్లగా ఆమె వైపు తిప్పాడు. మాకు కావలసిన ముఖం అదే. నేను అట్టముక్క కింద పెట్టేసి, ఇది టీవీ కాదని, సినిమా కోసం పెట్టిన లైటని చెప్పాను. ఆమె లేవలేదు. ఆ లైటునే చూస్తూ కూర్చుంది.

"కోడూరు అవతల సిగ్నల్ ఉంటదేమో. ఎక్కు చెల్లెమ్మా," అన్నారు గుమ్మంలోంచి ఖాదర్ గారు.

వానలో కారు నత్తలా కదిలింది. కోడూరు దాటాక ఫోన్ చేస్తే రెండుసార్లు కలవలేదు. తర్వాత అవతల ఆమె భర్త గొంతు వినిపించింది. పొద్దున్నే మచిలీపట్నం వైపు ఒడ్డుకు చేరారట.

"ఒక్క కబురు పెట్టడానికి చేతులు పడిపోయాయా?" అని తిట్టి, "తిన్నావా?" అంది.

తిరుగు దారిలో మా కథ అడిగింది. చెప్పాను. "ఆ పిల్లోడు వస్తాడా?" అంది. రాడన్నాను. "రప్పించండమ్మా," అంది.

ముగింపు మార్చాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రప్పిస్తే అబద్ధమేమో అనిపిస్తుంది. కారు ముందు సీట్లో ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్న తీరు గుర్తొస్తే, రాకపోవడమే నిజమని నాకెవరు చెప్పారు అనీ అనిపిస్తుంది.

అటువైపు షూటింగుకి వెళ్లేవారికి ఒక్క మాట: లైటు వేసే ముందు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి, అది టీవీ కాదని చెప్పిరండి.