అత్తతో లైబ్రరీకి

మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఆత్మకూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతూ, తిరుపతిలో ఎం.ఫిల్. చేస్తున్నాను. ఉదయగిరి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో ఆడవాళ్ళ కూలిపని నా టాపిక్.

చర్చిలో ఆయన కోసం పెట్టిన ఆదరణ కూడిక అయిపోయాక, ఇక చదువు మానేస్తుందిలే అనుకున్నారందరూ. మానడానికైనా మనసంటూ ఒకటుండాలి కదా. నాకు అదీ లేదు. గైడు గారు నా అధ్యాయం తిరగేసి, "ఊళ్ళల్లో అడిగి రాసింది బాగుండాదమ్మా. ముందు ఎవరేం రాసినారో చూడకుండా ఇది నిలబడదు. జర్నల్సు చూడు" అన్నారు. సరేనన్నాను.

ఒక్కదాన్నే తిరుపతికి పంపడం ఇష్టం లేక అత్త నాతో బయల్దేరింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమెకీ నాకూ మాటలు తక్కువ. కలువాయి మీదుగా పోయే బస్సులో పక్కపక్కనే కూర్చుని చెరోవైపు చూస్తూ పోయాము.

యూనివర్సిటీ లైబ్రరీలో జర్నల్సు ఏడాదికొక బైండు చేసి పెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కొత్త బైండు తీసి విషయసూచికలో కూలి, మెట్ట, స్త్రీలు అన్న మాటలు వెతికాను. ఒక వ్యాసం దొరికితే, దాని చివరనున్న పేర్లు పట్టుకుని పాత బైండ్లలోకి పోయాను. దుమ్ముకి తుమ్ములొచ్చాయి. ఆకలి మాత్రం తెలియలేదు.

అట్లా పోగా పోగా, మెట్ట ప్రాంతాల్లో భర్త చనిపోయిన ఆడవాళ్ళ సంసారాల మీద ఒక వ్యాసం కనబడింది. పట్టికలో వాళ్ళకి వేరే వరుస ఉంది. దాని మీద వేలు పెట్టి చూశాను. ఏడుపొస్తుందనుకున్నా, రాలేదు. కరెంటు లేక జిరాక్సు ఆగిపోయింది. చేత్తోనే ఎక్కించుకోసాగాను.

బెంచీ మీదున్న అత్త లేచి వచ్చింది.

"దేని గురించి ఉండాది?"

"మొగుడు పోయినోళ్ళ గురించి అత్తా."

ఆ ఇంగ్లీషు పేజీని కాసేపు చూసింది.

"బిడ్డలు పోయినోళ్ళ గురించి రాసినారా?"

"లేదత్తా."

"సరే, నువ్వు రాసుకో" అని పక్క కుర్చీలో కూర్చుంది. కిటికీ గాలికి లేవకుండా పేజీ అంచు నొక్కి పట్టుకుంది.

ఆ తర్వాత కూడా వచ్చింది నాతో. థీసిస్ ఇచ్చాక జరిగిన వైవాలో, ప్రశ్నలడగడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన, ఆధారాలు బాగా పట్టావమ్మా అని మెచ్చుకున్నాడు. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. అత్త మెట్ల మీద కూర్చుని ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఇద్దరం టీ తాగి బస్టాండుకి నడిచాము.